వదిన ఇప్పుడు ఫ్రీయేగా

స్టోరు వెనక, అట్టపెట్టెల మధ్య నుంచి
ఫిబ్రవరి మొదటివారం

వదినకి,

క్షేమంగా చేరాను. బస్సులో కిటికీ సీటు దొరికింది గానీ, పక్కన కూర్చున్నావిడ ఊరొచ్చేదాకా నా భుజాన్ని దిండు చేసుకుంది. మామూలుగా అయితే రెండు మాటలు అనేదాన్నే. అమ్మ పోయాక ఎవరి మీదా కసురుకునే ఓపిక లేదు.

ఫోన్ చెయ్యక ఈ ఉత్తరమేమిటి అనుకుంటావేమో. ఫోన్ చేస్తే చిన్నన్నయ్య స్పీకర్ పెడతాడు. నువ్వు వంటింట్లోంచి "బాగానే ఉన్నా" అని ఒక కేక వేస్తావు. ఆ తర్వాత అరగంటసేపు ఆయనగారి మోకాలి నొప్పి వినాలి. కాగితం మీదయితే నువ్వు తప్పించుకోలేవు, ఆయన మధ్యలో దూరలేడు.

ఇక్కడ సబ్బుల వరస నాకప్పగించారు. ఈ నెలంతా ఒకటి కొంటే ఒకటి ఫ్రీ. పెద్ద షాంపూ సీసాకి చిన్న సబ్బు కట్టాలి, దాని మీద "విడిగా అమ్మరాదు" అని చీటీ అంటించాలి. టేపు కొరికీ కొరికీ పళ్లు లాగుతున్నాయి. మా ఆయన నన్ను చూసి, సబ్బుకి నిన్ను కట్టినా ఎవరూ పట్టుకెళ్లరు అన్నాడు. ఆయన జోకులు ఆయనకే అంకితం.

నేను చెప్పాలనుకున్నది వేరే. అక్కడున్నన్నాళ్లూ చుట్టూ జనం, కుదరలేదు. వదినా, ఇన్నేళ్లకి నువ్వు ఫ్రీ అయ్యావు. ఈ మాట కూతురు అనకూడదేమో, అయినా అంటున్నాను. అమ్మని పక్కకి తిప్పడం, తుడవడం, గొట్టంతో జావ పట్టడం, అన్నీ నీ నెత్తినే పడ్డాయి. నేను చుట్టంలా వచ్చి, అమ్మ జుట్టు దువ్వి, ఒక ఏడుపు ఏడ్చి బస్సెక్కేదాన్ని. పరామర్శకి వచ్చినవాళ్లంతా కూడా అదే అన్నారు, పోనీలే పాపం, ఆ పిల్ల ఇక ఫ్రీ అని. ఏభై దాటిన నిన్ను పిల్ల అన్నది మన పిన్నమ్మ, ఆవిడ చూపు సంగతి నీకు తెలుసుగా.

నువ్వు ఒక్క చుక్క కూడా ఏడవలేదని పెద్దన్నయ్య నాతో అన్నాడు. అందరికీ కాఫీలు ఎవరిస్తారు మరి, వదినకి ఏడవడానికి తీరికెక్కడిది అన్నాను. ఇప్పుడు తీరిక దొరికింది కదా. నిద్రపో. సినిమాకి వెళ్లు. మా ఇంటికి రా. నిజంగా ఎలా ఉన్నావో రాయి.

నీ వసపిట్ట


వెనక గది, కిటికీ పక్క
ఫిబ్రవరి చివర

వసపిట్టకి,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. రాద్దామని రోజూ కూర్చుంటున్నాను. కూర్చుని గోడ చూస్తున్నాను.

ఆ గదిలోనే ఉన్నాను. మంచం వెళ్లిపోయింది. చక్రం తిప్పితే తలవైపు లేచే మంచం, అద్దెకి తెచ్చాం గుర్తుందా. ఆ షాపతను ఫోన్ చేసి "మంచం ఫ్రీ అయిందామ్మా" అని అడిగాడు. అయింది అన్నాను. మనుషుల్ని పంపి పట్టుకుపోయాడు. దాని కాళ్లున్న చోట నేల మీద నాలుగు గుండ్రటి మచ్చలు ఉండిపోయాయి. సోడా వేసి రుద్దాను, పోలేదు.

ఈ ఫ్రీ అన్న మాట ఇల్లంతా తిరుగుతోంది. ఎదురింటావిడ వచ్చి, ఫ్రీయేగా అని వాళ్ల గేటు తాళాలిచ్చి వెళ్లింది, గ్యాస్ అబ్బాయి వస్తే తియ్యమని. మీ అన్నయ్య స్నేహితుడు ఫోన్ చేసి, మీ ఆవిడ ఇప్పుడు ఫ్రీ కదా, అందరం ఎటైనా వెళ్దామన్నాడట. డాక్టరుగారు నా భుజం పట్టి చూసి, ఇది ఫ్రీ అవ్వడానికి టైం పడుతుంది, రోజూ గోడ మీద చెయ్యి పాకించండి అన్నారు. అత్తయ్యని ఎత్తీ ఎత్తీ బిగిసిపోయిందట. చెయ్యి జడ దాకా వెళ్లడం లేదు. ఒక్క భుజం గురించి మాత్రమే, అది ఇంకా ఫ్రీ కాలేదని ఒకరు ఒప్పుకున్నారు.

అలమారలో అత్తయ్య నోటితో తినే రోజుల్లో కొన్న బిస్కెట్ల డబ్బా ఉంది. షుగర్ ఫ్రీ అని పైన పెద్ద అక్షరాలు. చక్కెర లేనిది షుగర్ ఫ్రీ. ఆ లెక్కన నేను అత్తయ్య ఫ్రీ. ఇది జోకే వసపిట్టా, కంగారు పడకు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఏడుపూ రావడం లేదు. తలుపు వేసుకుని నిలబడి కూడా చూశాను, వస్తుందేమోనని. మీ అన్నయ్య చొక్కాకి బొత్తాం కుడుతుంటే సూది గుచ్చుకుంది. చొక్కా మీద ఎర్రగా కనబడ్డాక చూసుకున్నాను. మధ్యాహ్నం కునుకు పడితే చెయ్యి దానంతటదే పక్కకి వెళ్తుంది, ఆవిడని తిప్పడానికి. అక్కడ పరుపు తగులుతుంది. చెయ్యి వెనక్కి తెచ్చుకుంటాను. బాధ అని చెప్పలేను. బాధయితే రాసేదాన్ని.

మీ అన్నయ్య బాగున్నారు. రిటైరై ఏడాది దాటింది. పేపరు, నడక, టీవీ, మళ్లీ పేపరు. ఆయన్ని మాత్రం ఎవరూ ఫ్రీ అనరు. విశ్రాంతి తీసుకుంటున్నారు అంటారు.

ఎలా ఉన్నావని ఎవరడిగినా నేను ఫ్రీగానే ఉన్నాను అంటున్నాను. అలా అంటే ఇంకేమీ అడగరు. నీకూ అదే రాసి ఊరుకుందామనుకున్నాను, ఇంత అయింది.

మొన్న బజారువైపు వెళ్లాను. ఏమీ కొనలేదు. ఊరికే.

వదిన


ఆసుపత్రి వరండా
మార్చి మధ్యలో

వదినా,

కంగారు పడకు, నాకేం కాలేదు. పెద్దన్నయ్య స్నానాలగదిలో జారి పడ్డాడు. తుంటి ఎముక. ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. అంతా బాగా జరిగిందన్నారు. నొప్పి తగ్గగానే నర్సుల మీద నోరు చేసుకున్నాడు, దాంతో నాకు ధైర్యం వచ్చింది. ముప్పై ఏళ్లు బస్సు నడిపినవాడు, ఇప్పుడు చక్రాలకుర్చీ నేను నడుపుతుంటే ప్రతి మలుపులోనూ హారన్ కొట్టమంటున్నాడు.

విషయమేమిటంటే వచ్చేవారం ఇంటికి పంపించేస్తారు. కొన్ని నెలలు మంచం మీదే. పెద్దొదిన పోయాక వాడు ఒంటరి కదా, ఆ ఇంట్లో చూసేవాళ్లు ఎవరున్నారు? అన్నయ్యలిద్దరూ, నేనూ ఫోన్లో కూర్చున్నాం. ఎక్కడ పెట్టాలి, ఎవరు చూడాలి అని గంటసేపు నలిగాం. నాకప్పుడు గుర్తొచ్చింది. నీ ఉత్తరం బ్యాగులోనే ఉంది. "నేను ఫ్రీగానే ఉన్నాను" అని నువ్వే రాశావు కదా, ఆ ముక్క తీసి చదివి వినిపించాను. చిన్నన్నయ్య వెంటనే, అవును, గది కూడా ఖాళీయే అన్నాడు. అంతే, ఒక్క నిమిషంలో తేలిపోయింది.

వదినా, నీకిది కొట్టిన పిండి. నీ చేతిలో అమ్మకి ఇన్నేళ్లలో ఒక్క పుండు పడలేదు, డాక్టర్లే ఆశ్చర్యపోయేవారు. వీడికి నాలుగు నెలలే, అమ్మతో పోలిస్తే ఇదెంత! ఆ మంచమే మళ్లీ తెప్పిస్తానని చిన్నన్నయ్య అన్నాడు. ఆదివారం వ్యానులో తీసుకొస్తున్నాం.

నువ్వు లేకపోతే మా అందరి గతి ఏమయ్యేదో.

నీ వసపిట్ట


ఇంటి నుంచి
మార్చి

నీ ఉత్తరం అందింది.

గది కడిగించాను. మంచం వచ్చింది. పాతదే. మచ్చల మీదే సరిగ్గా కూర్చుంది. రబ్బరు గుడ్డ, పాత దుప్పట్లు బయటికి తీసి ఎండలో వేశాను.

బావగారికి ఉప్పు తగ్గించాలా అడిగి రాయి. అంతా బాగానే ఉంది.

వదిన


స్టోరు, తినే గది
అదే వారం

వదినకి,

నాలుగు ముక్కలు రాశావు. బావగారికి ఉప్పు, మంచానికి కాళ్లు. వసపిట్ట అని కూడా లేదు పైన.

నేనేం తప్పు చేశాను? ఫ్రీగా ఉన్నానని నువ్వు రాశావా లేదా? నా బుర్రలోంచి పుట్టించి చెప్పానా? నీకు కుదరకపోతే కుదరదని ఒక్క మాట అనొచ్చు. అన్నయ్య నీకు చెప్పినప్పుడు సరే అన్నావట. నోటితో సరే అని, కాగితం మీద మూతి ముడుచుకుంటే నేనెక్కడ చచ్చేది? ఇక్కడ సగం రోజు ఆసుపత్రి, సగం రోజు సబ్బులు. మేనేజరు నన్ను చూసి వాచీ చూస్తున్నాడు. మా ఆయన రాత్రి డ్యూటీ నుంచి వచ్చేసరికి నేను బయల్దేరుతున్నాను. ఇద్దరం గుమ్మంలో తాళాలు మార్చుకుంటున్నాం. నాకేం సరదానా నిన్ను మళ్లీ ఆ గదిలో పెట్టడం?

పైదంతా మధ్యాహ్నం రాశాను. ఇప్పుడు సాయంత్రమైంది. చింపేద్దామనుకున్నాను గానీ, ఉండనీ. నేనెంత మంచిదాన్నో నీకూ తెలియాలి.

నీ ఉత్తరం మళ్లీ చదివాను, ఈసారి మొదటి నుంచీ. ఫోన్లో నేను చదివింది ఒక్క ముక్క. దాని వెనక "అలా అంటే ఇంకేమీ అడగరు" అని ఉంది. నా కంటికి అప్పుడెందుకు ఆనలేదో తెలియదు. కాదు, తెలుసు. నాకు కావలసిన ముక్క దొరికింది, ఆగిపోయాను.

ఇంకోటి కూడా ఉంది. ఆ ఫోనుకి ముందే పెద్దన్నయ్య నన్ను అడిగాడు. నేను వాడింటికి రెండు వీధుల అవతలే ఉన్నాను కదా. చెల్లీ, నీ దగ్గర ఉండొచ్చా అన్నాడు. వాడు నన్ను ఏదైనా అడగడం నాకు ఊహ తెలిశాక అదే మొదటిసారి. మెట్లున్నాయి అన్నాను. డ్యూటీ అన్నాను. వదిన ఫ్రీగా ఉంది అన్నాను. నాకు డ్యూటీ ఉంది కాబట్టి నేను ఫ్రీ కాదు. నువ్వు చేసేదానికి జీతం లేదు కాబట్టి నువ్వు ఫ్రీ. సీసాకి సబ్బు కట్టినట్టు నిన్ను తీసి వాడికి కట్టాను.

వ్యాను ఆదివారానికి చెప్పేశారు. ఎలా ఆపాలో తెలియడం లేదు. కోపంగా ఉంటే తిట్టు. నీ తిట్లు నేను భరిస్తాను. ఆ నాలుగు ముక్కల ఉత్తరం మాత్రం ఇంకోటి రాయకు.

నీ వసపిట్ట


వంటింటి బల్ల మీద నుంచి
ఏప్రిల్ మొదటివారం

వసపిట్టకి,

కోపం లేదు. రావాలని నేనే చూశాను. నీ ఉత్తరం పట్టుకుని, ఇప్పుడు నాకు కోపం రావాలి అనుకున్నాను. మొన్న ఏడుపు కోసం నిలబడినట్టే. అదీ రాలేదు. మీ అన్నయ్య అడిగినప్పుడు సరే అన్నదీ నేనే. ఇన్నేళ్లలో ఆ మాట నా నోటికి అంత అలవాటైపోయింది, నన్ను అడక్కుండానే బయటికొచ్చేస్తుంది.

బజారుకి ఊరికే వెళ్లానని రాశాను చూడు, అది ఊరికే కాదు. మన పాత కుట్టు షాపు మెట్లెక్కాను. నేను కటింగ్ చేసిన షాపు, అత్తయ్య పడిపోయిన రోజు సగం కత్తిరించిన కోటు బల్ల మీద వదిలేసి పరుగెత్తిన షాపు. మాస్టరుగారి జుట్టు తెల్లబడింది. మెడలో టేపు అలాగే ఉంది. ఆయన నన్ను చూసి పలకరింపులేమీ పెట్టుకోలేదు. కటింగ్ బల్ల దగ్గర మనిషి లేదమ్మా, ఏప్రిల్ నుంచి రాగలరా అన్నారు. వస్తానన్నాను. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. చెబితే, మంచిదే, ఎలాగూ ఫ్రీయేగా అంటారు. ఆ మాట దీని మీద కూడా పడితే నేను భరించలేననిపించింది. అందుకే నీకూ రాయలేదు.

తర్వాత ఆసుపత్రి నుంచి నీ ఉత్తరం వచ్చింది. రాలేనని చెప్పిరావడానికి మళ్లీ ఆ మెట్లెక్కాను. మాస్టరుగారు ఖాళీగా లేరు, కూర్చోమన్నారు. ఒక పెద్దాయన కోటు వేసుకుని చూసుకుంటున్నాడు. ఒంటికి అతికినట్టు ఉండాలని పట్టుబట్టి కుట్టించుకున్నాడట. అతికింది. బొత్తాలు పెట్టాక చెయ్యి పైకి లేవడం లేదు. అద్దంలో చూసుకుంటూ, బాగానే ఉందయ్యా, చెయ్యి ఎత్తితేనే ఇబ్బంది అంటున్నాడు. మాస్టరుగారు నెమ్మదిగా చెప్పారు, ఒంటి కొలత మీదే కత్తిరిస్తే అది బట్ట కాదండీ, కట్టు అవుతుంది, లోపల కాస్త ఫ్రీ వదలాలి, అది పైకి ఎవరికీ కనబడదు అని. పని నేర్చుకునేటప్పుడు నాకు చెప్పిన మొదటి పాఠం అదే. ఒంటికీ బట్టకీ మధ్య వదిలే జాగా. ఎక్కువేం కాదు, ఊపిరి పీల్చుకుంటే బొత్తాం తెగనంత.

అందరూ అంటున్నది నాకెందుకు పట్టడం లేదో అప్పుడర్థమైంది. మీరంతా అనే ఫ్రీ నాకు అక్కర్లేదు. అంత పెద్దది నేనేం చేసుకుంటాను, వేసుకుంటే జారిపోతుంది. నాకు కావలసింది ఈ మాస్టరుగారి ఫ్రీ. రాలేనని చెప్పడానికి వెళ్లినదాన్ని, సోమవారం వస్తానని చెప్పి మెట్లు దిగాను.

శనివారం భోజనాల దగ్గర మీ అన్నయ్య, రేపు అన్నయ్య వచ్చేసరికి వేడినీళ్లు పెట్టించు, మంచం ఇంకాస్త కిటికీవైపు జరిపించు అంటున్నారు. నేను పళ్లెంలోకి చూస్తూ అన్నాను.

"నేను ఫ్రీగా లేనండి. సోమవారం నుంచి షాపుకి వెళ్తున్నాను."

"ఏ షాపుకి? ఏం కొనాలి?"

నిజంగానే అర్థం కాలేదు పాపం. చెప్పాను. పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా, ఆదివారం సెలవని చెప్పాను. ఆయన ఎత్తిన ముద్ద మళ్లీ పళ్లెంలో పెట్టేశారు.

"మరి అన్నయ్యని ఎవరు చూస్తారు?"

"మీ అన్నయ్యే కదండీ."

గుండె దడదడలాడుతుందేమో అనుకున్నాను, అదేం లేదు. వేరే ఎవరో మాట్లాడుతుంటే విన్నట్టుంది. ఆయన లేచి చెయ్యి కడుక్కుని టీవీ పెట్టారు, కట్టేశారు. చాలాసేపటికి వచ్చి, నాకు రాదు కదా ఆ పని అన్నారు. గొంతులో వెటకారం లేదు, భయం ఉంది. మా పెళ్లయ్యాక ఆయన భయపడటం నేను చూడలేదు. నాకూ వచ్చేది కాదండీ మొదట్లో, అన్నాను. దిండు మంచం మీద పడుకోబెట్టి, నడుము కింద చెయ్యి ఎక్కడ పెట్టాలో, దుప్పటి పట్టుకుని ఎలా తిప్పాలో చూపించాను. దిండుని రెండుసార్లు కింద పడేశారు.

బావగారు వచ్చారు. సంగతి విని తమ్ముణ్ణి కిందనుంచి పైదాకా చూసి, "వీడా డ్రైవరు? ముందు బ్రేకులు పరీక్ష చేయించండి" అన్నారు. తర్వాత నావైపు తిరిగి, నీ పని నువ్వు చూసుకోమ్మా, నన్ను ఎవరి దగ్గరికి తోలుతున్నారో ఫోన్లో నన్నెవరూ అడగలేదు, నిన్నూ అడిగి ఉండరు అన్నారు. పొద్దునపూట స్నానానికి ఒక మనిషిని ఆయనే మాట్లాడుకున్నారు.

సోమవారం నుంచి వెళ్తున్నాను. ఎలా ఉందని అడుగుతావు. బల్ల ఎత్తుగా ఉంది. భుజం లాగుతోంది. మిగతాదేమీ తెలియడం లేదు.

వదిన


బస్టాండు
ఏప్రిల్ చివర

వదినా,

మూడు రోజులు మీ ఇంట్లో ఉండి, నీతో కూర్చుని మాట్లాడింది గట్టిగా ఒక గంట. నువ్వు పొద్దున్నే డబ్బా పట్టుకుని వెళ్లిపోతుంటే గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపాను, బడికి వెళ్లే పిల్లకి ఊపినట్టు. అందుకే బస్సు వచ్చేలోపు ఇది రాసి ఇక్కడి డబ్బాలోనే వేస్తున్నాను.

ఆ ఇంట్లో ఏం జరుగుతోందో నీకు పగలు తెలియదు కాబట్టి చెబుతున్నా. చిన్నన్నయ్య పెద్దన్నయ్యకి గడ్డం గీశాడు. గీస్తున్నంతసేపూ ఇద్దరూ చిన్నప్పటి సైకిలు గురించి పోట్లాడుకున్నారు. పక్క దుప్పటి మార్చడానికి చిన్నన్నయ్యకి ముప్పావుగంట పట్టింది. మార్చాక నాతో అన్నాడు, మీ వదిన ఇది అమ్మకి రోజుకి ఎన్నిసార్లు చేసేదే అని. నేను చెప్పలేదు. నాకు తెలిస్తే కదా!

నా వారం సెలవులన్నీ కలిపి నెలకోసారి వస్తాను, చిన్నన్నయ్యకి ఊపిరి ఆడుతుంది. నీ కోసమని అనుకోకు. పెద్దన్నయ్య నన్ను అడిగినప్పుడు మెట్లున్నాయి అన్నాను కదా, దానికి.

ఒక్కటి మాత్రం నచ్చలేదు. నీ మొహం అలాగే ఉంది వదినా. నవ్వుతావు, జవాబిస్తావు, కంచాలు సర్దుతావు. ఎక్కడో పక్కింట్లో ఉన్నట్టు ఉంటావు. షాపుకి వెళ్తే మారుతుందనుకున్నాను. నిజం చెప్పు, బాగున్నావా? ఫ్రీగా ఉన్నానని మాత్రం రాయకు.

నీ వసపిట్ట


కుట్టు షాపు, కటింగ్ బల్ల
మే

వసపిట్టకి,

నువ్వడిగినదానికి ఇన్నాళ్లూ జవాబు లేక రాయలేదు. ఇవాళ ఒకటి జరిగింది.

పొద్దున ఒకావిడ వచ్చింది. నా ఈడు ఉంటుంది. మెత్తటి నూలు గుడ్డ తెచ్చింది, తల్లికి గౌను కుట్టమని. తల్లి మంచం మీద ఉందట. ఒక పాత గౌను కూడా తెచ్చింది కొలతకి. వెనక మొత్తం తెరిచి, పక్కన ముడి వేసుకునేలా కావాలంది. "చేతులు లేపలేదమ్మా, కాస్త ఫ్రీగా కుట్టండి" అంది. ఆవిడ కళ్లకింద నలుపు చూశాను. ఎన్నాళ్లయిందని అడగలేదు. పాత గౌను పరిచి కొలిచి, చీటీ రాసి, గుడ్డకి పిన్ను పెట్టాను.

మధ్యాహ్నం బల్ల మీద గుడ్డ పరిచాను. సుద్దతో గీశాను, కత్తిరించాను. ఎక్కడా ఆగలేదు. నా చెయ్యి అంత తేలిగ్గా ఈ నెలలో ఒక్కరోజు కూడా ఆడలేదు. మాస్టరుగారు అటుగా వెళ్తూ ఆగి, ముక్కలు చేతిలోకి తీసుకుని చూశారు. చీటీ చూశారు. మళ్లీ ముక్కలు చూశారు.

"ఇదెవరి కొలతమ్మా?"

చూసుకున్నాను. భుజాలు చీటీలో ఉన్నదానికన్నా బాగా సన్నగా ఉన్నాయి. పొడుగు తక్కువుంది. గౌను కుడి చెయ్యి ముక్క మామూలుగా ఉంది. ఎడమ చెయ్యి మాత్రం చంక కింద నుంచి దాదాపు నడుము దాకా వెడల్పుగా కత్తిరించి ఉంది. వసపిట్టా, మీ అమ్మ ఎడమ చెయ్యి మోచేతి దగ్గర ముడుచుకుపోయి, గుండెకి అంటుకుని ఉండేది కదా. మామూలు చెయ్యి పెడితే ఆవిడకి ఎక్కించడం కుదిరేది కాదు, లాగితే నొప్పని కళ్లతో చెప్పేది. ఏళ్ల తరబడి ఆవిడ గౌన్లన్నీ నేనే కుట్టాను, ఎడమవైపు అలా వదిలి. చీటీ పక్కనే ఉంది. నేను దానివైపు చూడనేలేదు. ఇంకొకరి గుడ్డ మీద మీ అమ్మని కత్తిరించి పెట్టాను.

ఆ ముక్కని చేత్తో పట్టుకుంటే ఆ ఖాళీలో ఆవిడ చెయ్యి ఉన్నట్టే ఉంది. వెచ్చగా, కాస్త బరువుగా. అప్పుడు తెలిసింది నాకు, అత్తయ్య లేదని. మూడు నెలలు దాటాక. కత్తెర చేతిలో ఉండగానే ఏడుపు తన్నుకొచ్చింది. గుడ్డ పాడుచేశాను, గుడ్డ పాడుచేశాను అంటున్నానట. నలుగురు మిషన్లు ఆపి చూస్తున్నారు. బయట వరసలో జనం.

మాస్టరుగారు కత్తెర తీసుకుని పక్కన పెట్టారు. ఆవిడకి వేరే గుడ్డ నేను తెస్తాలెండి అన్నారు. తర్వాత, ఎవరికీ వినబడకుండా అన్నారు.

"ట్రయల్ రూము ఫ్రీగా ఉందమ్మా. వెళ్లండి."

వెళ్లాను. తెర లాగేసుకున్నాను. ఒక స్టూలు, ఒక అద్దం, ఒక కొక్కెం. ఆ గౌను ముక్క మొహానికి పెట్టుకుని ఏడ్చాను. ఎవరో వచ్చి చొక్కా వేసుకుని చూసుకోవాలన్నారు. లోపల మనిషున్నారు, టైం పడుతుంది అని మాస్టరుగారు చెప్పడం వినబడింది. ఆయన అలా చెప్పారు కదాని ఇంకా ఏడ్చాను.

వదిన